ఉమ్మి కొలిచే పరీక్షకు వెళ్లే ముందు

బుజ్జీ,

ఫోన్‌లో హడావిడిగా మాట్లాడుకున్నాం కదా, మిగతాది కుదురుగా రాస్తున్నాను.

రాత్రిళ్లు నాలుక పిడచకట్టుకుపోతోందనీ, నీళ్లు తాగితే గానీ చపాతీ ముక్క దిగట్లేదనీ అన్నావు. నీళ్లు ఎక్కువ తాగమని చెప్పి పంపేశారట. లాలాజలం ఎంత ఊరుతోందో చూడకుండా అంతటితో వదిలేయడం నాకు నచ్చలేదమ్మా. ఊట సరిగ్గానే ఉన్నా కొందరికి నోరు ఎండినట్టే ఉంటుంది. ఇంకొందరికి సగానికి సగం తగ్గేదాకా తెలియనే తెలియదు. అందుకే కొలిపించుకోమంటున్నాను.

నేను డెంటల్ కాలేజీలో నర్సుగా చేసిన రోజుల్లో ఈ పరీక్షకు వచ్చిన ఆడవాళ్లు ఎంత సిగ్గుపడేవాళ్లో! మనిషి ముందు కూర్చుని ఉమ్మడమేంటని బిగుసుకుపోయేవాళ్లు. నువ్వలా కాకు, టెన్షన్ పడితే ఉన్న ఊట కూడా తగ్గుతుంది. చేసేది ఇంతే. ముందు ఒకసారి మింగేసి, తల కొంచెం వంచి ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు, నాలుక కదపకూడదు, మింగకూడదు. ఊరింది ఊరినట్టు నోట్లో చేరనిచ్చి, నిమిషానికోసారి గీతలున్న ట్యూబులోకి వదలాలి. ఇలా 15 నిమిషాలు. నురగను లెక్కలోకి తీసుకోరు. కొన్నిచోట్ల తూకం వేస్తారు, గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు.

మామూలుగా నిమిషానికి 0.3 నుంచి 0.4 మి.లీ. దాకా వస్తుంది. 0.1 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, అంటే 15 నిమిషాలకు ఒకటిన్నర మి.లీ. కూడా దాటకపోతే, బాగా తగ్గినట్టు. తర్వాత మైనం ముక్క నమిలించి మళ్లీ కొలుస్తారు. అప్పుడు నిమిషానికి 1 నుంచి 2 మి.లీ. రావాలి. నమిలినప్పుడు బాగా వస్తే గ్రంథుల్లో ఇంకా సత్తువ ఉన్నట్టే, చక్కెర లేని చూయింగ్ గమ్ లాంటివి పనికొస్తాయి.

కళ్లలో ఇసుక పడ్డట్టుందని కూడా అన్నావు, అది తప్పకుండా చెప్పు. షోగ్రెన్ జబ్బులో, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే తడి ఊరే గ్రంథుల మీద దాడి చేసే జబ్బులో, నోరూ కళ్లూ రెండూ ఎండుతాయి. అలాగని అంకె తక్కువొస్తే అదేనని బెంగపడకు. 2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆ జబ్బని తేల్చడానికి 4 పాయింట్లు కావాలి, ఈ ఉమ్మి లెక్కకు ఉన్నది 1 పాయింటే. రక్తంలో రో యాంటీబాడీకి (మన ఒంటి మీదే తిరగబడే ఒక ప్రోటీన్) 3, పెదవి లోపలి నుంచి తీసే చిన్న ముక్క పరీక్షకు 3. నువ్వు వేసుకునే అలర్జీ మాత్రల వల్ల కూడా నోరు ఎండుతుంది. వాటి చీటీ తీసుకెళ్లు, నీ అంతట నువ్వు మాత్రం ఆపేయకు.

పొద్దున పూటే వెళ్లు. ఊట పూటపూటకీ మారుతుంది, మళ్లీ కొలిచినా అదే వేళకి కొలవాలి. వెళ్లే ముందు గంటన్నర ఏమీ తినకు, తాగకు, బ్రష్ కూడా చేయకు. రెండు అంకెలూ, కొలిచిన టైమూ రాయించుకుని ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు.

అమ్మ