గనుల శాఖ మంత్రి గారికి: తాండూరులో మన్ను లెక్క కూడా అడగండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో కాస్త పాతకాలపు ఇంట్లో కూర్చుని మీరు ఈ ఉత్తరం చదువుతుంటే, మీ కాళ్ల కింద ఉన్నది మా వైపు రాయే కావచ్చు. షాబాద్ బండ అనండి, తాండూరు బండ అనండి, నాపరాయి అనండి. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా దాని మీద పడుకుంటే ఎంత హాయో మీకూ తెలిసే ఉంటుంది. ఆ బండ మీద ఒకప్పుడు ఏముండేదన్నది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

మన్ను ఉండేది. 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పుకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు మేమంతా స్వీట్లు పంచుకున్నాం. ఆ కందికి అంత రుచి ఎందుకంటే ఇక్కడి నల్లరేగడి, అందులోని అట్టపుల్గైట్ అనే బంకమట్టి, దాని కింద పరుచుకున్న సున్నపురాయి అని చెప్పారు. అంటే మా కందికీ మా నాపరాయికీ ఇల్లొకటే. పై అంతస్తులో కంది, కింది అంతస్తులో బండ. గని తవ్వడం మొదలైన రోజు ముందు పోయేది పై అంతస్తే.

మా చిన్నాయన మూడెకరాలు ఒక కాంట్రాక్టరుకు లీజుకిచ్చాడు. ఆయన అప్పుల సంగతి ఇక్కడెందుకు గానీ, ఇవ్వక తప్పని పరిస్థితి. మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. జేసీబీ పొద్దున్నే దిగి మధ్యాహ్నానికల్లా మడిలో మన్నంతా గీకి ఓ మూలకు నెట్టేసింది. సాయంత్రానికి దాని మీదే రాతి ముక్కలు గుమ్మరించడం మొదలైంది. అంచున నిలబడి చూస్తే పైన రెండడుగుల నల్లటి పొర, దాని కింద తెల్లటి సుద్ద, ఆ కింద జొన్నరొట్టెల దొంతరలా బండలు. ఆ దొంతరను ఒక్కో రొట్టె చొప్పున తీసి అమ్ముకున్నారు. చిన్నాయన ఒకటే మాటన్నాడు: "బండ పోతే పోనీ రా, మన్నన్నా పక్కన పెట్టొచ్చు కదా."

అయ్యా, నేను అడుగుతున్నది కూడా అదే.

మా పక్క గుట్ట దగ్గర పాత గనుల డంపులు రెండున్నాయి. రెండూ నా చిన్నప్పటివే. ఒకదాంట్లో ఎందుకోగానీ మన్ను, రాళ్లు కలిపి పోశారు. ఇప్పుడు దాని మీద తంగేడు, సీతాఫలం, రేగు, అక్కడక్కడా మోదుగ. బతుకమ్మకు తంగేడు పూలు మా వాడకట్టు ఆడవాళ్లు అక్కడినుంచే తెస్తారు. పాలపిట్ట కూడా కనిపిస్తుంది. ఉడుములున్నాయి. రెండోది వట్టి రాతి ముక్కల గుట్ట. ఇన్నేళ్లయినా దాని మీద సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేవలేదు. రెంటికీ వాన ఒకటే, ఎండ ఒకటే. ఎవరూ ఒక్క మొక్క నాటలేదు, చెంబెడు నీళ్లు పోయలేదు. తేడా అంతా మన్నులోనే ఉంది, అందులో నిద్రపోతున్న విత్తనాల్లో, వేర్లలో, పురుగుల్లో ఉంది.

కెన్యాలో మొంబాసా దగ్గర ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి గనిని 1971 నుంచి అడవిగా మార్చారు. అక్కడ మన్ను లేదు. సరుగుడు చెట్లయితే బతికాయి గానీ రాలిన ఆకు కుళ్లక కుప్పలు పడింది. చివరికి రోకలిబండ పురుగుల్ని తెచ్చి వదిలారు. అవి ఆకు తిని వేసిన పెంటతోనే మెల్లగా మట్టి తయారైంది. మనం ఒక్కరోజులో పూడ్చేస్తున్నదాన్ని వాళ్లు పురుగుల చేత ఏళ్లతరబడి చేయించుకున్నారు.

మొక్కలు నాటిస్తున్నాం కదా అని మీ అధికారులు ఫైలు చూపిస్తారు. ఎన్ని నాటారో అందులో ఉంటుంది. ఏం నాటారో చూడండి. రోడ్ల పక్కన కోనోకార్పస్ అనే పరదేశీ చెట్టు నాటి, తర్వాత వద్దనుకున్న అనుభవం మనకు చాలదా? 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, తవ్వకం పూర్తయిన నేలలో మళ్లీ గడ్డి మొలిపించి పశువుల మేతకు, మొక్కలకు, జీవాలకు పనికొచ్చేలా చేయాలని ఆదేశించింది. గడ్డి అన్నారు చూడండి, ఆ మాట నాకు నచ్చింది. పైమట్టిని వేరుగా తీసి, దాచి, తిరిగి వాడాలని గ్రానైట్‌కు 1999 నుంచీ కేంద్ర నియమాలున్నాయి, సిమెంటు గనులకు 2017 నియమాల్లోనూ ఉంది. నాపరాయి చిన్నతరహా ఖనిజం. దాని పగ్గాలు రాష్ట్రం చేతిలో, అంటే మీ చేతిలో ఉన్నాయి. మీ గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారు తనిఖీకి వచ్చినప్పుడు ఎన్ని బండలు పోయాయో లెక్కేసినట్టే, మన్ను కుప్ప ఎక్కడుందో చూపించమనాలి. కుప్ప చూపిస్తేనే తర్వాతి పర్మిట్ ఇవ్వాలి.

పాత గుంతల సంగతి వేరు. వాటన్నిటినీ పూడ్చమని నేననను. నిట్టనిలువు గోడ మీద చెవుల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ ఉంటోంది. గూడు కట్టదు, రాతి అరుగు మీద వట్టి నేలనే గుడ్లు పెడుతుంది. అపశకునమని మావాళ్లు రాళ్లు వేస్తారు గానీ, కంది చేలల్లో ఎలుకల్ని అది తిన్నంతగా మా మందులు కూడా చంపవు. అంచున మిగిలిన మట్టి పొరలో పసిరికపిట్టలు బొరియలు చేసుకుంటాయి. కాబట్టి ఒక గోడ వాటికి వదిలి, రెండోవైపు వాలుగా చదును చేస్తే చాలు. నీళ్లు నిలిచిన గుంతల్లో పిల్లలు, పశువులు జారిపడితే పైకెక్కి రాగలగాలి కదా. గనుల వాళ్లు కట్టే డబ్బుతో నడిచే జిల్లా ఖనిజ నిధిలో పర్యావరణ పరిరక్షణకు ప్రాధాన్యం ఉంది. ఆ డబ్బు ఎక్కువగా సీసీ రోడ్లకే పోకుండా చూడండి.

పనివాళ్లు ఎక్కడా అనే ప్రశ్న అక్కర్లేదు. జోధ్‌పూర్ కోట పక్కన రాతినేలను 2006 నుంచి బాగుచేసినప్పుడు, బండల్లో దిగిన సర్కారు తుమ్మ వేర్లను ఉలితో తవ్వి తీసింది అక్కడి రాతి పనివాళ్లే. మా దగ్గర అలాంటి చేతులకు కొదవ లేదు. గని మూతపడితే ముందు పని పోయేది కూడా వాళ్లకే.

చిన్నాయన దగ్గర ఇంకా ఎకరంన్నర మిగిలింది. దాన్నీ లీజుకు అడుగుతున్నారు. మన్ను ఎక్కడ పోస్తారో, ఎప్పుడు తిరిగి పరుస్తారో స్టాంపు పేపరు మీద రాయమని ఆయన ఈసారి పట్టుబట్టాడు. కాంట్రాక్టరు నవ్వి, "అట్లాంటి రూలేదైనా ఉంటే సర్కారోళ్లు మమ్మల్ని అడగరా పెద్దాయనా?" అన్నాడట. వచ్చే వానాకాలం లోపు సంతకాలు జరగాలి.

ఇట్లు,
తాండూరు మండలానికి చెందిన ఒక కంది రైతు కుటుంబంవాడు