మా నాటకశాల తెరవడం ఇంకొంత ఆలస్యమవుతుంది

ముందే టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లకీ, ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నవాళ్లకీ ఉన్నమాట చెప్పేస్తున్నాను. మరమ్మతుల్లో ఉన్న మా నాటకశాలను మేం ప్రకటించిన తేదీకి తెరవలేం. డబ్బులు చాలకో, పనివాళ్లు దొరక్కో కాదు. సీలింగ్ పైభాగం చూశాక దాని కింద జనాన్ని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు.

లతలూ పువ్వులూ ఉన్న ఆ సీలింగ్ చూడ్డానికి రాతి చెక్కడంలా ఉంటుంది గానీ, అది ప్లాస్టర్. గోనెగుడ్డ మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి పలకలు చేశారు. అదే గుడ్డను ప్లాస్టర్‌లో ముంచి, పైనున్న చెక్క దూలాలకు చుట్టి, ఆ పలకలను వేలాడదీశారు. కింది నుంచి చూస్తే ఒక్క పగులు కూడా కనిపించదు. పైకెక్కి టార్చి వేస్తే, వాన నీరు దిగిన మూలన ఆ కట్లు నల్లబడి పీచులుగా విడిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే పొడి రాలింది.

2013 డిసెంబరులో లండన్‌లోని అపోలో థియేటర్‌లో నాటకం నడుస్తుండగా సీలింగ్‌లో కొంత భాగం ప్రేక్షకుల మీద కూలింది. 70 మందికి పైగా గాయపడ్డారు. అక్కడా పాడైనవి ఇలాంటి గోనె కట్లే. ఆ సంగతి తెలిసి కూడా తేదీ కోసం తొందరపడలేను.

మొత్తం పీకేసి జిప్సమ్ బోర్డు కొట్టించెయ్యమని చాలామంది సలహా ఇచ్చారు. పని త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ ఈ హాల్లో మైకు లేకుండా నటుడి మాట వెనక వరసదాకా వినబడుతుందంటే అందులో ఆ ఎగుడుదిగుడు చెక్కడాల పాత్ర చాలా ఉంది. శబ్దం వాటికి తగిలి నలుదిక్కులా చెదురుతుంది. నున్నటి బోర్డు అయితే ఒకే వైపు విసిరికొడుతుంది. అందుకే పలకలు అలాగే ఉంచి, ఒక్కో కట్టూ పరీక్షించి, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలతో అదనపు ఆధారం ఇస్తున్నాం. ఇది చేత్తో, పడుకుని, మెల్లగా చేయాల్సిన పని.

నేలంతా కార్పెట్ వేయమని అడిగినవాళ్లకీ ఇదే జవాబు. 1890ల్లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో వాలెస్ సెబైన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక థియేటర్ కుర్చీల మెత్తలు తెప్పించి, వేరే హాల్లో పరిచి, అవి ప్రతిధ్వనిని ఎంత మింగేస్తాయో కొలిచి చూపించాడు. మాటకైతే ఒక సెకను దగ్గర ప్రతిధ్వని అణిగిపోవాలి. సంగీతానికి ఇంకాస్త నిలవాలి. రెండూ జరగాల్సిన చోట అన్నీ మెత్తగా చేసేస్తే పాట చచ్చిపోతుంది. కుర్చీలకు మాత్రం మెత్తలుంటాయి, నడవాలో కార్పెట్ ఉండదు.

గోడలకు సున్నం పని బాగా సాగుతోంది. వైరింగ్ మొత్తం కొత్తది.

ఇంజనీరు రాతపూర్వకంగా సరే అన్నాకే కొత్త తేదీ చెబుతాను. అంతవరకూ ఆగలేనివాళ్లకు కోత లేకుండా పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం. టికెట్లు ఉంచుకున్నవాళ్ల సీట్లు అవే సీట్లు. బాల్కనీ చివరి వరసవాళ్లను మాత్రం ముందుకు మారుస్తాం, ఎందుకంటే బయటికి వెళ్లే దారి వెడల్పు చేయడానికి ఆ వరస తీసేస్తున్నాం.