కాలువ నీటికి కల్చర్ పరీక్ష ఎవరు చేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ కాలువగట్ల సుందరీకరణ గురించి పత్రికల్లో వచ్చే వార్తలను నేను శ్రద్ధగానే చదువుతాను. రెయిలింగులకు రంగులు వేయడం, గట్టున మొక్కలు నాటడం మంచి పనులే. అయితే ఆ గట్ల మధ్య పారే నీటిలో ఏముంది, యాంటీబయాటిక్ మందులకు లొంగని బ్యాక్టీరియా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఆ వార్తల్లో కనిపించదు. నగరంలోని ప్రైవేటు ఆసుపత్రుల ల్యాబుల్లో ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ టెక్నీషియన్‌గా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న నాకు ముందుగా తట్టేది ఆ ప్రశ్నే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

రోగి మూత్రమో, పుండులోని చీమో, కఫమో ల్యాబుకు వస్తే అందులోని బ్యాక్టీరియాను పెంచి (కల్చర్ అంటే ఇదే), ప్లేటు నిండా పులిమి, ఒక్కొక్క మందుతో తడిపి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్లలను దానిమీద దూరదూరంగా అమర్చి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. మందు పనిచేస్తే మర్నాటికి ఆ బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా పాలమీగడలా పాకి ఉంటుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి రిపోర్టులో ‘ఎస్’ (మందుకు లొంగుతుంది) అనో ‘ఆర్’ (లొంగదు) అనో రాయడం మా పని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జెంటామైసిన్ బిళ్ల చుట్టూ స్కేలు పెట్టడానికి కావలసినంత చోటుండేది. ఉద్యోగం మానే నాటికి, ఐసీయూ నుంచి వచ్చిన క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ప్లేట్లలో, మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే మెరోపెనెమ్ చుట్టూ కూడా కొలవడానికేమీ మిగలని రోజులు చూశాను. కిడ్నీలకు చేటని ఒకప్పుడు పక్కన పెట్టేసిన కొలిస్టిన్‌ను డాక్టర్లు మళ్లీ బయటికి తీయవలసి వచ్చింది ఇందుకే. టెట్రాసైక్లిన్ బిళ్ల పెట్టినప్పుడల్లా నాకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు వచ్చేవారు. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలోనే ఆ కుటుంబంలోని మొదటి మందు ఆరియోమైసిన్ తయారైంది. అది లోకానికి వెల్లడైన 1948లోనే ఆయన కన్నుమూశారు. అదే బిళ్ల చుట్టూ ‘ఆర్’ రాస్తూ పోవడం ఒక్కోసారి తప్పు చేస్తున్నట్టే అనిపించేది.

ఆసుపత్రిలో బలపడిన బ్యాక్టీరియా ఆసుపత్రిలోనే ఉండిపోతే దాని సంగతి డాక్టర్లే చూసుకుందురు. అది నీటి వెంట నడుస్తుంది. వార్డులో చేతులు కడుక్కునే సింకు జాలీని విప్పి చూస్తే లోపల జిగురుగా నల్లటి పొర పేరుకుని ఉంటుంది. ఆ పొరలో సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి, పైనుంచి ఎంత ఫినాయిలు పోసినా లోపలిదాకా అందదు. రోగికి ఇచ్చిన యాంటీబయాటిక్‌లో చాలా భాగం, మందునుబట్టి, మూత్రంలోనే బయటికి పోతుంది. మందూ, మందుకు లొంగని బ్యాక్టీరియా ఒకే గొట్టంలో కలిసి ప్రయాణిస్తుంటే, లొంగే బ్యాక్టీరియా చచ్చి మొండిది మిగులుతుంది. అంతకన్నా చిక్కైన విషయం మరొకటుంది: మొండితనాన్నిచ్చే జన్యువును ఒక బ్యాక్టీరియా పక్కనున్న మరో జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. అంటే ఆసుపత్రిలో ఎన్నడూ అడుగుపెట్టని పేగుల్లో ఉండే మామూలు ఈ కొలై (E. coli) బ్యాక్టీరియా కూడా కాలువలోనే ఆ విద్య నేర్చుకోగలదు.

ఇక మన కాలువల సంగతి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరి ఏలూరు, రైవస్, బందరు కాలువలు నగరం నడిమధ్య నుంచి పోతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టుమీద నిలబడి చూడండి. నిండుగా పారేటప్పుడు కనబడని డ్రెయిన్ల మూతులన్నీ బయటపడతాయి, ఎండిన అడుగున నల్లటి నీళ్లు చారగా సాగుతుంటాయి. జూన్ దాటాక నీళ్లు వదిలితే ఆ చార మాయమవుతుంది కానీ డ్రెయిన్లు ఆగిపోవు. దిగువన డెల్టాలోని ఎన్నో ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ కాలువల నుంచే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడైతే సింగ్‌నగర్‌లో మురుగే నేరుగా ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి నిలిచింది.

ఇదంతా ఒక ముసలి టెక్నీషియన్ ఊహ అని ఎవరూ అనుకోకుండా రెండు సంగతులు చెబుతాను. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లోనూ, కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే 2 నమూనాల్లోనూ, మెరోపెనెమ్ వంటి మందులను కూడా నిర్వీర్యం చేసే ఎన్‌డీఎం-1 జన్యువు (ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ) దొరికింది. ఆ జన్యువు పేరులో ఢిల్లీ ఎందుకుండాలన్న దానిమీద మన దేశంలో జరిగినంత చర్చ, కుళాయిలోకి అది ఎలా వచ్చిందన్న దానిమీద జరగలేదు. అంతకుముందు 2007లో, పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ.

చట్టం లేదని కాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి తన మురుగునీటిని శుద్ధి చేశాకే బయటికి వదలాలి. కానీ ఆ నిబంధనలు కొలవమన్నవి పీహెచ్ (ఆమ్లక్షార గుణం), బీఓడీ, సీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయో చెప్పే కొలతలు), తేలే మలినాలు, నూనె, ఆ నీటిలో 96 గంటల తర్వాత చేపలు బతికున్నాయా లేదా అన్నవి మాత్రమే. చేప బతికిన నీటిలో క్లెబ్సియెల్లా కూడా హాయిగా బతకగలదు. మందుల కంపెనీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక అందులో లేదు. ఎందుకు తీసేశారో అడగవలసిన బాధ్యత మన ఎంపీలది.

మందుల షాపుల సంగతి అందరికీ తెలిసిందే. సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్ అట్టమీద ఎర్ర గీత, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక ఉంటాయి, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలన్నది 2014 నుంచి అమల్లో ఉన్న నియమం. మా వీధి చివర షాపులో ‘రెండు బిళ్లలివ్వు బాబూ’ అంటే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. ఎర్ర గీత ఒక్కోసారి షాపులో మిగిలిన ముక్కమీదే ఉండిపోతుంది. కేరళలో 2024లో ప్రత్యేక దాడులు మొదలుపెట్టి ఇటువంటి షాపులమీద చర్యలు తీసుకున్నారు. మన ఔషధ నియంత్రణ అధికారులకు ఆ అధికారం లేక కాదు.

నేను నగరపాలక సంస్థను, కాలుష్య నియంత్రణ మండలిని కోరేది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. గవర్నరుపేట, సూర్యారావుపేట ఆసుపత్రుల వీధుల డ్రెయిన్ల దగ్గర, మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నీరు బయటికి వచ్చేచోట, కాలువలు నగరం దాటేచోట నెలకొకసారి సీసాతో నీళ్లు పట్టి, సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేటుమీద, కలపని ప్లేటుమీద ఈ కొలైని పెంచి, ఎన్నింటికి ఎన్ని మొండివో లెక్కపెట్టాలి. దాదాపు ఇదే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ‘ట్రైసైకిల్’ పేరుతో అన్ని దేశాలకూ సూచించింది. మైక్రోబయాలజీ విభాగమున్న ఏ వైద్య కళాశాలలోనైనా ఈ పని చేయవచ్చు. వచ్చిన అంకెలను ఫైళ్లలో దాచకుండా ప్రతి నెలా పత్రికలకు ఇవ్వాలి. ప్లేట్లు లెక్కపెట్టడానికి మనుషులు చాలరంటే, నా కళ్లజోడు నంబరు ఈ మధ్యే మార్పించుకున్నాను, జీతం అడగను.

భవదీయ,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
సత్యనారాయణపురం, విజయవాడ.