హాట్‌డిష్ తెచ్చిన మా పక్కింటి పెద్దావిడకి

జనవరిలో ఇంటి ముందు ఐసు మీద కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆరు వారాల కట్టు నిన్న విప్పారు. వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి, అయినా ఈ నాలుగు మాటలూ ఇవాళే రాయాలనిపించింది.

అప్పుడు మా ఆయన, మా అత్తయ్యగారి కంటి ఆపరేషన్‌కని ఇండియా వెళ్లి ఉన్నారు. మిన్నెసోటా చలిలో ఇద్దరు పిల్లలతో నేను ఒక్కదాన్నే. రాత్రి రెండింటిదాకా ఎమర్జెన్సీలో నా పక్కన కూర్చున్నవాళ్లకి, పిల్లల్ని స్కూల్లో దింపినవాళ్లకి, పప్పూ చారూ దొండకాయ వేపుడూ డబ్బాల్లో సర్ది పంపినవాళ్లకి, అందరికీ దండాలు. పేర్లు రాస్తే ఎవరినో ఒకరిని మర్చిపోతానని భయం, అందుకే రాయట్లేదు.

మా పక్కింటి పెద్దావిడ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. నేను పడ్డ మర్నాడు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "మీరు బీఫ్ తినరు కదా, టర్కీ కోడి పర్వాలేదా?" సాయంత్రానికి తువ్వాలు చుట్టిన గాజు ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ట్రే అడుగున టేపు అంటించి పెన్నుతో ఇంటిపేరు రాసుకున్నారు. మా అమ్మ స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించడం గుర్తొచ్చి నవ్వాగలేదు.

మాంసం, కూరగాయలు, సూప్ ఒకే ట్రేలో వేసి ఓవెన్‌లో కాల్చే వంట ఇది. అమెరికాలో చాలాచోట్ల క్యాసరోల్ అనేదాన్ని ఇక్కడ హాట్‌డిష్ అంటారు. ఇక్కడి మన్కేటో ఊళ్లో ఒక లూథరన్ చర్చి ఆడవాళ్లు 1930లో వేసిన వంటల పుస్తకంలోనే ఆ పేరుంది. పురుడైనా, చావైనా, ఇలా చెయ్యి విరిగినా ఆ ఇంటికి ముందు వెళ్లేది ఇదేనన్నారు ఆవిడ.

నిజం చెప్పొద్దూ, మొదటి ముద్ద చప్పగా అనిపించింది. కాస్త ఆవకాయ నంజుకున్నాను. కానీ పడ్డప్పట్నుంచీ ఎడమచేత్తో చెంచా పట్టుకుని పప్పన్నం కలపలేక ఏడుపొచ్చేది. దీన్ని కలుపుకోనక్కర్లేదు. చెంచా గుచ్చితే చాలు, పైన కరకర, లోపల మెత్తన. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

తర్వాత మరో మూడు బుధవారాలు తెచ్చారు. చివరిసారి మా వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని నాకూ మా పెద్దదానికీ నేర్పారు. మేం కొంచెం మన దారికి తిప్పుకున్నాం. అరకిలో చికెన్ కీమా, ఒక ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిర్చి, కరివేపాకు వేసి కీమా పూర్తిగా ఉడికేదాకా వేయించాలి. గుప్పెడు బీన్సు, ఒక క్యాన్ క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూప్ కలపాలి. క్యాన్ మీద నీళ్లు పొయ్యమని ఉంటుంది, పొయ్యొద్దు. ఉప్పు కూడా వద్దు, ఆ సూప్‌లోనే బోలెడుంటుంది. నేను అలవాటుగా చెంచాడు వేసి ఒక ట్రే పాడు చేశాను. అదంతా ట్రేలో పరిచి, పైన ఫ్రీజర్‌లోంచి తీసిన టేటర్ టాట్స్, అంటే తురిమిన బంగాళాదుంపని చిన్న చిన్న ముద్దలుగా చేసి వేయించినవి, వరసగా పేర్చాలి. అది మా చిన్నాడి డ్యూటీ. ఒక్క వరస వంకరపోయినా ఒప్పుకోడు. ఓవెన్‌లో 400 ఫారెన్‌హీట్ దగ్గర ముప్పావు గంట. మూత పెడితే పైన మెత్తబడిపోతాయి.

ఆవిడకి తెలుగు రాదు, ఇది నేనే చదివి చెప్పాలి. నాలుగుసార్లు వంట తెస్తే మూడుసార్లు ట్రే ఖాళీగా తిరిగిచ్చాను, భలే సిగ్గేసింది. నాలుగోది ఇంకా మా గట్టు మీదే ఉంది. చేతికి కాస్త బలం రానీ, నిండా పులిహోర కలిపి ఇస్తాను. ఎండుమిరపకాయలు మాత్రం ఒక్కటీ మిగలకుండా ఏరేయాలి.