మంత్రి గారూ, తొమ్మిదో ప్రశ్నకు జవాబు రాసిన పిల్లల్ని ఎవరు పలకరిస్తారు?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద పరిశోధన ప్రాజెక్టు మా కాలేజీకి వచ్చినప్పుడు ఫారాలు పంచి, నింపించి, లెక్కపెట్టి అప్పగించిన అధ్యాపకురాలిని నేను. ఇదే విషయం మీద మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. రెండుసార్లు 'అందింది' అని జవాబొచ్చింది. మూడోసారి అదీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. తప్పుగా అనుకోకండి.

ఆ ఫారం మీకు తెలిసిందే, డిప్రెషన్ లక్షణాలు ఎంత ఉన్నాయో కొలిచే పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, అన్నీ కలిపితే ఎక్కువలో ఎక్కువ 27. గత రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, దేనిమీదైనా మనసు పోయిందా అని అడుగుతూ చివరికి తొమ్మిదో ప్రశ్నకు వస్తుంది: చచ్చిపోతే బాగుండుననో, తమకు తామే హాని చేసుకోవాలనో అనిపించిందా? ఆ ప్రశ్న దగ్గర కొందరి పెన్ను ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. ఒక అమ్మాయి 'అసలు లేదు' దగ్గర టిక్కు పెట్టి, కొట్టేసి, పక్క గడిలో పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిస్తూ, "మేడమ్, ఇవి ఎవరైనా చదువుతారా?" అంది. "చదువుతారమ్మా" అన్నాను.

ఎవరూ చదవలేదు మంత్రి గారూ. చదివినా పలకరించలేదు. ఫారాల మీద పేర్లు ఉండవు, కోడ్ నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో తెలిసే జాబితా ప్రాజెక్టు వాళ్ల దగ్గరుంది. అయినా ఒక్క ఫోన్ రాలేదు. ఆ జవాబులు కంప్యూటర్‌లోకి ఎక్కేసరికే ఒక సెమిస్టర్ గడిచిపోయింది. అడిగిందేమో గడిచిన రెండు వారాల సంగతి! ఆ అమ్మాయిని ఆ సాయంత్రమే వరండాలో ఆపి మాట్లాడాను కాబట్టి సరిపోయింది. మరి హాల్లో ఉన్న మిగతావాళ్లు?

గోప్యత అంటారు. గోప్యత ఉండాల్సిందే, లేకపోతే పిల్లలు నిజం రాయరు. కానీ ప్రమాదంలో ఉన్నవాళ్లను వెంటనే పలకరించే ఏర్పాటు లేనప్పుడు ఆ తొమ్మిదో ప్రశ్నే తీసేసి, ఎనిమిది ప్రశ్నలతో అడిగే పీహెచ్‌క్యూ-8 ఉండనే ఉంది. ప్రశ్న అడిగామంటే జవాబు బరువు కూడా మోయాలి.

ఇక కౌన్సెలర్ సంగతి. ప్రాజెక్టు డబ్బుతో రెండేళ్లకని ఒకావిడను పెట్టారు. చాలా ఓపిక ఉన్న మనిషి. మొదటి ఆరు నెలలు గదివైపు ఎవరూ రాలేదు. తర్వాత మెల్లగా ఒకరిని చూసి ఒకరు రావడం మొదలైంది. సరిగ్గా పిల్లలకు నమ్మకం కుదిరే వేళకు గడువు తీరింది. ఒక గురువారం తలుపుకు తాళం, దాని మీద 'ప్రాజెక్టు కాలం ముగిసినది' అని ఒక కాగితం. ప్రతి గురువారం వచ్చే కుర్రాడు ఆ కాగితం ముందు నిలబడి ఉన్నాడు. వేరేచోట చూపిస్తాను రమ్మంటే, "మళ్లీ మొదటినుంచి ఇంకొకరికి చెప్పుకునే ఓపిక నాకు లేదు మేడమ్" అన్నాడు. ప్రాజెక్టు ముగిసినా కౌన్సెలింగ్ ఆగదని వేదిక మీద మాటిచ్చింది మీరే.

ఫలితాలు ప్రతి కాలేజీకీ పంపిస్తామన్నది కూడా మీ మాటే. ఫారాలు నింపినవాళ్లు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు, మాకు ఒక్క పేజీ కూడా రాలేదు.

ఇప్పుడు మళ్లీ కొత్త సర్వే అంటున్నారు. ఎంతమంది బాధపడుతున్నారో ఇంకెన్నిసార్లు లెక్కపెడతాం? 2018లో 8 దేశాల్లోని 19 కాలేజీల్లో దాదాపు 14,000 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగితే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఎదురైన సూచనలు 35 శాతం మందిలో కనిపించాయి. అదే ఏడాది 26 దేశాల పీహెచ్‌డీ, పీజీ విద్యార్థులు 2,279 మంది మీద వచ్చిన మరో అధ్యయనం, మామూలు జనంతో పోలిస్తే వాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఆరు రెట్లు ఎక్కువని చెప్పింది. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లే జవాబిచ్చారు కాబట్టి ఆ ఆరు రెట్ల మాట మీద వాదించుకోవచ్చు. బాధ ఉందన్న దాని మీద వాదనేముంది? ఏ సాయం పనిచేస్తుంది, సాయం ఉన్నా పిల్లలు ఎందుకు రారు, పరీక్షల టెన్షన్‌లో, గైడ్ చిన్నచూపులో మనం మార్చగలిగిందేమిటి, వీటి మీద డబ్బు పెట్టండి.

పరిశోధన వద్దనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. ఫారం నింపిన రోజే ప్రమాదంలో ఉన్నవాళ్లను పలకరించే మనిషి లేని ప్రాజెక్టుకు మంజూరు ఇవ్వకండి. కౌన్సెలర్ జీతాన్ని ప్రాజెక్టు గడువుకు ముడిపెట్టకండి. ఆ తాళం తీయించండి. ఇచ్చిన మాట నిలబెట్టండి.

ఈ వారమే కొత్త ఫారాల కట్ట నా టేబుల్ మీదికొచ్చింది. ఇందులోనూ తొమ్మిదో ప్రశ్న ఉంది. దానికి అనిపించిందని జవాబు రాసిన పిల్లలకు ఆ రోజే ఎవరు ఫోన్ చేస్తారో, ఆ మనిషి పేరు, నంబరు నాకు రాసి పంపండి. అవి అందిన రోజున కట్ట విప్పుతాను.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
ఒక అధ్యాపకురాలు