మన సంఘం వార్షిక నివేదిక: లినక్స్ కంప్యూటర్ నుంచి ఫోన్ నిర్వహణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టే, ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద పెట్టాం. లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్‌ను చూసుకోవడం, అవసరమైతే అక్కడి నుంచే నడపడం. శిక్షణ తరగతులు, సహాయ కేంద్రం, తెలుగులో సూచనల పత్రాలు అన్నీ దీని చుట్టూనే తిరిగాయి. ఏం చేశామో, ఏ విషయంలో కార్యవర్గం ఏకాభిప్రాయానికి రాలేకపోయిందో ఈ నివేదికలో ఉంది.

సహాయ కేంద్రానికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది పగిలిన స్క్రీన్‌తో వచ్చారు. ఫోన్ మోగుతుంది, చార్జ్ అవుతుంది, కానీ ఏమీ కనిపించదు, తాకితే పలకదు. లోపల ఫొటోలున్నాయి, కాంటాక్టులున్నాయి. "లినక్స్ వాళ్లు కదా, ఏదో ఒక కమాండ్ ఉంటుంది" అన్న నమ్మకంతో వస్తారు. కమాండ్ ఉన్న మాట నిజమే. అది పనిచేయాలంటే ఫోన్ బాగున్న రోజుల్లోనే ఒక అనుమతి ఇచ్చి ఉండాలి. ఈ ఏడాది మేం అందరికీ చెప్పుకుంటూ వచ్చిన విషయం ఇదే.

ఆ అనుమతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో కంప్యూటర్ మాట్లాడేది ఏడీబీ ద్వారా, అంటే ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్. ఇందులో మూడు భాగాలుంటాయి. మనం టెర్మినల్‌లో కొట్టే కమాండ్ ఒకటి, కంప్యూటర్‌లో వెనకాల 5037 పోర్టులో (పోర్టు అంటే ప్రోగ్రాములు మాట్లాడుకునే అంకెల ద్వారం) నడిచే సర్వర్ రెండోది, ఫోన్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్ మూడోది. ఫోన్ సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడు సార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టగానే, ఈ కంప్యూటర్‌ను నమ్మాలా అని ఫోన్ అడుగుతుంది. కంప్యూటర్‌కు సొంతంగా, గుర్తింపుకు వాడే ఒక ఆర్ఎస్ఏ డిజిటల్ తాళం జత ఉంటుంది. సరే అనగానే దాని బహిరంగ భాగాన్ని ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి ఈ పద్ధతే నడుస్తోంది. స్క్రీన్ పగిలాక ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి చేతిలో తెర ఉండదు. అసలు చిక్కు అక్కడే.

ముందే అనుమతి ఉన్న ఫోన్లలో పని తేలిగ్గా అయిపోయింది. కేబుల్ పెట్టి ఫొటోలు లాగేసుకున్నాం. అనుమతి లేని వాటిలో కొన్నింటికి ఓటీజీ అడాప్టర్‌తో మౌస్ తగిలించి చూశాం. తెర కనిపిస్తూ టచ్ మాత్రమే పోయిన ఫోన్లకు ఇది బాగా పనిచేస్తుంది. తెర పూర్తిగా నల్లబడితే, టైప్-సీ పోర్టు నుంచి బొమ్మను మానిటర్‌కు పంపగల ఫోన్ అయితేనే ఆశ. మిగతా వాళ్లకు స్క్రీన్ మార్పించుకోమని చెప్పి పంపాం. అలా చెప్పాల్సిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎప్పుడూ అనుమతించు అని టిక్ పెట్టినా, ఆండ్రాయిడ్ 11 నుంచి ఏడు రోజులు కనెక్ట్ కాని కంప్యూటర్ అనుమతిని ఫోనే రద్దు చేస్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లోనే ఆ గడువును ఆపేసే స్విచ్ ఉంది. ఆపాలా వద్దా అన్న దాని మీద కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. ఆపితే స్క్రీన్ పగిలిన రోజు ఒడ్డున పడతాం. అదే ఆపిన ఫోన్‌కు అనుమతి ఉన్న ల్యాప్‌టాప్ ఎవరి చేతిలోనైనా పడితే, ఫోన్ కూడా వాళ్ల చేతిలో పడినట్టే. చివరికి సూచనల పత్రంలో ఇలా రాశాం: ల్యాప్‌టాప్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఆపుకోండి, కాకపోతే గడువును అలాగే ఉంచి వారానికోసారి కేబుల్ పెట్టి బ్యాకప్ తీసుకోండి. నా సొంత అభిప్రాయం అడిగితే రెండోదే మేలు. బ్యాకప్ అలవాటున్న వాళ్లకు పగిలిన స్క్రీన్ పెద్ద టెన్షన్ కాదు.

శిక్షణ తరగతుల్లో ఎక్కువ సమయం తిన్నది మొదటి మెట్టే. ఏడీబీ డివైసెస్ అని కొడితే జాబితా ఖాళీగా వస్తుంది. కారణం చాలాసార్లు కేబులే. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. కేబుల్ మార్చాక "నో పర్మిషన్స్" అని వస్తే అది లినక్స్ వైపు సమస్య. ఫోన్‌ను మామూలు వాడుకరి వాడుకోవచ్చని లినక్స్‌కు చెప్పే యూడెవ్ నియమాలు లేవన్నమాట. డెబియన్, ఉబుంటుల్లో ఆండ్రాయిడ్ ఎస్‌డీకే ప్లాట్‌ఫాం టూల్స్ కామన్ అన్న ప్యాకేజీ వేసి, వాడుకరి ప్లగ్‌డెవ్ గ్రూపులో ఉన్నారో లేదో చూసుకుంటే తీరిపోతుంది. "అన్ఆథరైజ్డ్" అని వస్తే మాత్రం ఫోన్ తెర మీద ప్రశ్న జవాబు కోసం ఎదురు చూస్తోందని అర్థం. ఈ రెండు మాటల తేడా తెలియక సూడో పెట్టి, అంటే నిర్వాహకుడి (రూట్) హక్కులతో, ఏడీబీ నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా నడిపితే తాళం రూట్ పేరు మీద తయారై, తర్వాత ఇంకో చిక్కు మొదలవుతుంది.

అందరికీ నచ్చింది, ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూపించి అక్కడి నుంచే నడపనిచ్చే ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy). పేరు స్పెల్లింగ్ అదే గానీ స్క్రీన్‌కాపీ అని పలకాలి, మేమూ ఇక్కడ అలాగే రాస్తున్నాం. జెనీమొబైల్ సంస్థలో పనిచేసిన రొమాన్ విమోన్ రాసిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ 2018లో వచ్చింది. ఆండ్రాయిడ్ 5 నుంచి పనిచేస్తుంది. ఫోన్‌ను రూట్ చేయనక్కర్లేదు (అంటే దాని తాళాలు తెరిచి పూర్తి హక్కులు తీసుకోనక్కర్లేదు), ఫోన్‌లో ఏ యాప్ పెట్టనక్కర్లేదు. నడిపిన ప్రతిసారీ ఒక చిన్న సర్వర్ ఫైలును ఏడీబీ ద్వారా ఫోన్‌లోకి పంపి, తెరను వీడియోగా మార్చి కంప్యూటర్‌కు తెస్తుంది. మన మౌస్, కీబోర్డు కదలికలు అదే దారిలో వెనక్కి వెళ్తాయి. ఆలస్యం 35 నుంచి 70 మిల్లీసెకన్లని ఆ ప్రాజెక్టు వాళ్లు చెబుతారు. కేబుల్ మీద వాడినప్పుడు చేతికి తేడా తెలియదు. ఫోన్ తెరను ఆపేసి కంప్యూటర్‌లో మాత్రమే చూసే వీలుంది, రికార్డ్ చేసుకోవచ్చు, కంట్రోల్ లేకుండా చూడటానికి మాత్రమే తెరవనూ వచ్చు. మా తరగతులన్నీ ఈ చివరి పద్ధతిలోనే ప్రొజెక్టర్ మీద చూపించాం.

2023లో వచ్చిన స్క్రీన్‌కాపీ 2.0 కూర్పుతో శబ్దం కూడా కంప్యూటర్‌కు రావడం మొదలైంది. దానికి ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 ఉండాలి. అయితే దీర్ఘకాలం నడిచే లినక్స్ పంపిణీల్లో పాత ప్యాకేజీలే ఉంటాయి. ఉబుంటు 22.04 వాడే సభ్యులు శబ్దం రావట్లేదని అడిగింది అందుకే. ప్రాజెక్టు విడుదల చేసే కొత్త కూర్పు దించుకుంటే సరిపోయింది. లినక్స్‌లో మాత్రమే దొరికే ఒక సౌకర్యం కూడా ఉంది. కంప్యూటర్‌లో ఉత్తుత్తి కెమెరాను సృష్టించే వీ4ఎల్2 లూప్‌బ్యాక్ మాడ్యూల్ వేస్తే ఫోన్ కెమెరా వెబ్‌క్యామ్‌గా మారుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి తెర బదులు నేరుగా కెమెరానే తీసుకోవచ్చు. పాత ఫోన్లకు ఇంతకంటే మంచి రెండో జీవితం ఇప్పటిదాకా మాకు కనిపించలేదు.

తెలుగు టైపింగ్ గురించి ప్రతి తరగతిలోనూ అడిగారు. స్క్రీన్‌కాపీ కిటికీలో నేరుగా తెలుగు కొడితే పోదు. మామూలు పద్ధతిలో అది పంపగలిగేది ఇంగ్లీషు అక్షరాలు, ఇంకొన్ని గుర్తులు మాత్రమే. కంప్యూటర్‌లో ఎక్కడో ఒకచోట తెలుగు టైప్ చేసి, కాపీ చేసి, స్క్రీన్‌కాపీ కిటికీలో కంట్రోల్-వీ కొడితే ఫోన్‌లో పడుతుంది. పొడుగాటి సందేశాలు బొటనవేళ్లతో కొట్టలేని పెద్దవాళ్లు ఈ ఒక్కదాని కోసమే మళ్లీ మళ్లీ వచ్చారు.

బ్యాంకు యాప్ తెరిస్తే కిటికీ నల్లగా అవుతుందన్న ఫిర్యాదు మరొకటి. అది లోపం కాదు. తెరను ఎవరూ కాపీ చేయకూడదని ఆ యాప్ తయారుచేసిన వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. దాన్ని దాటే ఉపాయాలు చెప్పమని అడిగిన వాళ్లకు చెప్పలేదు, ఇకమీదట కూడా చెప్పం.

అన్నిటికీ ఏడీబీ అక్కర్లేదు. ఫోన్‌కు వచ్చే నోటిఫికేషన్లు కంప్యూటర్‌లో చూడాలి, ఒక ఫైలు అటూ ఇటూ పంపాలి, ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయిన ఫోన్‌ను మోగించాలి అనుకునే వాళ్లకు కేడీఈ కనెక్ట్ చాలు. 2013లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద మొదలైన ప్రాజెక్టు ఇది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇదే ప్రొటోకాల్‌తో జీఎస్‌కనెక్ట్ ఉంది. ఫోన్, కంప్యూటర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. రెండూ ఒకదానికొకటి కనిపించకపోతే ఫైర్‌వాల్‌లో 1714 నుంచి 1764 వరకు టీసీపీ, యూడీపీ పోర్టులు తెరవాలి. అయినా కనిపించకపోతే, పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా రౌటర్ అడ్డుకుంటోందేమో చూడాలి. కాపీ చేసిన మాట ఫోన్ నుంచి కంప్యూటర్‌కు దానంతట అది రావడం లేదని చాలామంది అన్నారు. వెనకాల నడిచే యాప్‌లు క్లిప్‌బోర్డు చదవకుండా ఆండ్రాయిడ్ 10 నుంచి ఆంక్ష పెట్టారు. నోటిఫికేషన్‌లోని బటన్ నొక్కి పంపుకోవాల్సిందే.

ఫైళ్ల విషయం క్లుప్తంగా. ఎంటీపీ (కేబుల్ పెట్టి ఫైళ్లు పంపుకునే మామూలు పద్ధతి) మీద వేల ఫొటోలు కాపీ చేయబోయి మధ్యలో ఆగిపోయిందని చెప్పిన ప్రతి ఒక్కరికీ ఏడీబీ పుల్ (adb pull) కమాండ్ నేర్పించాం. తేదీలు చెడకుండా ఉండాలంటే దానికి "-a" అనే ఆప్షన్ జత చేయాలి. యాప్‌ల లోపలి డేటా మాత్రం ఇలా రాదు. పాత ఏడీబీ బ్యాకప్ కమాండ్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, ఆండ్రాయిడ్ 12ను ఉద్దేశించి తయారైన యాప్‌ల డేటాను అది వదిలేస్తుంది.

అక్కర్లేని యాప్‌లను తీసేసే తరగతికి ఊహించనంత మంది వచ్చారు. కంపెనీ నింపి పంపిన యాప్‌లను ప్యాకేజ్ మేనేజర్ కమాండ్‌తో ఆ వాడుకరికి మాత్రమే తొలగించవచ్చు. అసలు ఫైలు సిస్టమ్ భాగంలోనే ఉంటుంది కాబట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా తిరిగి వస్తుంది. ఉత్సాహం ఎక్కువై ఫోన్ డయలర్, కీబోర్డు తీసేసిన వాళ్లూ ఉన్నారు. అందుకే ముందు డిజేబుల్ చేసి కొన్నాళ్లు చూసి, ఆ తర్వాతే తీయమని పత్రంలో పెద్ద అక్షరాలతో రాశాం.

ఐఫోన్ సభ్యులకు ఈ ఏడాది పెద్దగా ఏమీ చేయలేకపోయాం. లిబ్‌ఐమొబైల్‌డివైస్, ఐఫ్యూజ్ అనే లినక్స్ పరికరాలతో ఫొటోలు తీసుకోవచ్చు, బ్యాకప్ చేయవచ్చు. యూఎక్స్‌ప్లే అనే ప్రోగ్రామ్‌తో తెరను కంప్యూటర్‌లో చూడవచ్చు. నడపడం మాత్రం స్క్రీన్‌కాపీలా కుదరదు.

ఇక దూరం నుంచి నడిపే విషయం. వేరే చోట ఉండే తల్లిదండ్రుల ఫోన్‌ను తమ కంప్యూటర్ నుంచి సరిచేయాలని చాలామంది సభ్యులకు కోరిక. ఏడీబీని వైఫై మీద నడపడానికి రెండు దారులున్నాయి. పాతది 5555 పోర్టు తెరవడం. కొత్తది ఆండ్రాయిడ్ 11తో వచ్చిన వైర్‌లెస్ డీబగ్గింగ్. అందులో ఆరంకెల కోడ్‌తో జత కలిపితే ఆ పైన సంభాషణంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మొదటిది ఇంట్లో కాసేపు వాడుకుని ఫోన్ రీస్టార్ట్ చేసేయాలి. రౌటర్‌లో 5555ను బయటి ప్రపంచానికి తెరవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. 2018 ఫిబ్రవరిలో ఏడీబీ మైనర్ అనే పురుగు ఇలా తెరిచి ఉన్న పోర్టుల్లోంచే ఫోన్లలోకి, టీవీ పెట్టెల్లోకి దూరి క్రిప్టో నాణేలు తవ్వుకుంది. దూరం నుంచే పని కావాలంటే ముందు వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో రెండు వైపులా సొంత సొరంగం వేసుకుని, దాని లోపల ఏడీబీ నడపాలి. లినక్స్ కెర్నల్‌లో వైర్‌గార్డ్ 5.6 నుంచి భాగమే. అవతల పెద్దవాళ్లు ప్రతిసారీ వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి పోర్టు నంబర్ చదివి చెప్పాలి. అది వాళ్లకు విసుగే. అయినా ఆ విసుగు ఉండటమే మంచిదని కార్యవర్గం అభిప్రాయం. ఫోన్ సొంతదారుకు తెలియకుండా ఎవరూ లోపలికి రాలేరు.

ఇదే కారణంతో సహాయ కేంద్రానికి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. సొంతదారు ఎదురుగా లేకుండా ఏ ఫోన్‌నూ తాకం. భార్య ఫోన్, భర్త ఫోన్, ఎదిగిన పిల్లల ఫోన్ చూసిపెట్టమంటే కుదరదని చెబుతాం. ఈ ఏడాది అలా వచ్చిన వాళ్లను పంపించేశాం, కొందరు నొచ్చుకున్నారు కూడా. పని అయ్యాక డీబగ్గింగ్ అనుమతులన్నీ సొంతదారు చేతే రద్దు చేయించి, డెవలపర్ ఆప్షన్స్ ఆపించి పంపుతాం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం. తరగతులు నడిపిన స్వచ్ఛంద కార్యకర్తలందరికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే సర్వసభ్య సమావేశం ముందుకు రెండు ప్రతిపాదనలు వస్తున్నాయి. పైన చెప్పిన సహాయ కేంద్రం నియమాలను సంఘం నియమావళిలో చేర్చాలన్నది మొదటిది. పాత ఫోన్లలో టెర్మక్స్ (ఫోన్‌లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్) పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు నడిపే పద్ధతి) ద్వారా వాటిని చిన్న సర్వర్లుగా నడిపే తరగతులు మొదలుపెట్టాలన్నది రెండోది. ఇందుకోసం వాడని ఆండ్రాయిడ్ ఫోన్లు ఇవ్వదలచిన సభ్యులు ముందు సెట్టింగుల్లో తమ గూగుల్ ఖాతాను తీసేసి, ఆ తర్వాత అక్కడి నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వగలరు. ఖాతా తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ పాత పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోతుంది. అలాంటి ఫోన్లు తీసుకోలేం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి