పీసీఓఎస్‌కు పెళ్లి మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

నెలసరి తప్పుతున్న ఆడపిల్లకు మా హన్మకొండలో ముందుగా దొరికే సలహా ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటది’ అని. హార్మోన్ల తేడాతో నెలసరి తప్పడం, ముఖం మీద వెంట్రుకలు రావడం వంటివి కనిపించే పీసీఓఎస్ అనే సమస్య అట్లా పోయేది కాదు. గడ్డం మీద వెంట్రుకలు కనబడొద్దని మండుటెండలోనూ స్కార్ఫ్ తీయని పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. స్కానింగ్‌లో ‘నీటి బుడగలు’ అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగని అండాల సంచులు. పదహారేళ్ల పిల్లకు ఒక్క స్కానింగ్ చూసి ఈ సమస్యని తేల్చనూకూడదు.

మూడు నెలలైనా నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించండి, షుగర్ పరీక్ష చేయించండి. అధిక బరువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారికొస్తుంది.

2023లో తెలంగాణ ప్రభుత్వం ఆడవాళ్ల వైద్య పరీక్షల కోసం మొదలుపెట్టిన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్‌ల సంగతి ఎంతమందికి తెలుసు? ఇంటర్ కాలేజీల్లో, హాస్టళ్లలో ఈ విషయాలన్నీ డాక్టర్లతోనే చెప్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తల్లి, హన్మకొండ